వన్‌టౌన్‌లో నడక పెట్టబోయే అమ్మలుకి, ఆంటిగ్వా నుంచి

ఆంటిగ్వా, గ్వాటెమాలా
ఆదివారం

అమ్మలూ,

"ఆ గైడ్ ఏం చెప్పిందో, ఎక్కడ ఎంతసేపు నిలబెట్టిందో, ఏది ముందు తినిపించిందో అన్నీ గుర్తుపెట్టుకుని చెప్పమ్మా" అన్నావు కదా. ఫోన్లో చెప్తే సగం పోతాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. తమ్ముడు ఈ కాగితాలు ఫోటో తీసి నీకు పంపుతానన్నాడు. నువ్వు మన విజయవాడ వన్‌టౌన్‌లో తిండి చూపించే నడక మొదలుపెడతానన్నప్పుడు, ఉద్యోగం మానేస్తుందేమోనని నాన్న టెన్షన్ పడ్డారు. నాకు మాత్రం ఇది నీకు తగిన పనే అనిపించింది. నిన్న పొద్దున ఈ ఊళ్లో నడిచి వచ్చాక నాన్న కూడా "అమ్మలు చేయగలదే" అన్నారు. ఆ మాట నీకు ముందు చెప్పాలని ఇక్కడే రాసేస్తున్నాను.

ఊరి సంగతి కొంచెం చెప్తాను. హ్యూస్టన్ నుంచి విమానంలో మూడు గంటలు, దిగాక కారులో గంటకు పైగా పట్టింది. దాదాపు ఐదువేల అడుగుల ఎత్తు కాబట్టి పొద్దున్నే శాలువా లేకపోతే చలి. చుట్టూ మూడు అగ్నిపర్వతాలున్నాయి. వాటిలో ఫ్యూగో అనేది ఇప్పటికీ రగులుతూనే ఉంటుంది. మేం నడుస్తుండగానే దాని కొన మీంచి బూడిదరంగు పొగ లేచింది, ఊళ్లోవాళ్లు తలెత్తి కూడా చూడలేదు. 2018 జూన్‌లో అదే కొండ తన పక్కనున్న పల్లెల్ని బూడిదలో కప్పేసి వందల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ కొండ కిందే మొక్కజొన్న వేస్తారు, ఆ నేల మీదే కాఫీ పండిస్తారు.

ఒకప్పుడు ఇది మధ్య అమెరికా మొత్తానికి స్పెయిన్ వాళ్ల రాజధాని. దీనికి ముందున్న రాజధాని ఇక్కడికి దగ్గర్లోనే ఉండేదట. 1541లో ఆగువా అనే కొండ మీంచి బురద వరద దిగి దాన్ని ఊడ్చేస్తే, 1543లో ఈ లోయలో మళ్లీ కట్టుకున్నారు. 1773 జూలైలో పెద్ద భూకంపం వచ్చి ఇదీ కూలింది. ఇక లాభం లేదని 1776లో రాజధానిని ఇప్పటి గ్వాటెమాలా సిటీకి మార్చేశారు. అందరూ వెళ్లిపోవాలని ఉత్తర్వులొచ్చినా కొంతమంది కదల్లేదు. వాళ్ల వల్లే ఈ ఊరు మిగిలింది. 1979లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. గైడ్ ఇదంతా ఎక్కడ చెప్పిందనుకున్నావు? కూలిపోయిన ఒక కాన్వెంటు గోడ నీడలో, మమ్మల్ని కూర్చోబెట్టి, ఐదు నిమిషాల్లో. పగిలిన గోడ ఎదురుగా ఉంది కాబట్టి తేదీలు వాటంతటవే బుర్రలోకి ఎక్కాయి. నువ్వు కూడా చరిత్ర చెప్పాలనుకుంటే అలాంటి చోటు ఒకటి చూసుకో. ఎండలో నిలబెట్టి మాత్రం చెప్పకు.

ఆ అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయేమో. పక్క పల్లె పిల్ల, కక్చికేల్ అనే మాయా ఆదివాసీ తెగ ఇంటి బిడ్డ. ఇంట్లో కక్చికేల్, బళ్లో స్పానిష్, మాతో ఇంగ్లీషు. మెడలో ప్రభుత్వ పర్యాటక శాఖవాళ్లు ఇచ్చిన గైడ్ కార్డు ఉంది. బయల్దేరే ముందు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఏం తినరో, ఏది పడదో అడిగి చిన్న పుస్తకంలో రాసుకుంది. మేం గొడ్డుమాంసం, పందిమాంసం తినమని చెప్పాం. మర్యాదకి తలూపి వదిలేస్తుందేమో అనుకున్నాను. కాదు. మార్కెట్లో ఒక చోట నల్ల చిక్కుడుగింజల ముద్ద పెడుతుంటే, మా ప్లేటు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "ఇది పంది కొవ్వుతో వేయిస్తారు, మీకు నూనెతో చేసేది రెండు కొట్ల అవతల ఉంది" అని అక్కడికి తీసుకెళ్లింది. వాళ్ల వంటల్లో ఏ ముద్దలో ఏ కొవ్వు పడుతుందో, ఏ చారులో దేని ఎముకలు ఉడుకుతాయో తెలిసినవాళ్లు మాత్రమే ఆ మాట చెప్పగలరు. నీ నడకకి జైనులొస్తారు, ముస్లిములొస్తారు, ఉల్లి తినని పెద్దవాళ్లొస్తారు. పునుగుల నూనె ఏమిటో, పిండిలో ఏం కలిపారో ముందే కనుక్కుని పెట్టుకో తల్లీ.

నడక మార్కెట్టుతో మొదలైంది. ఊరికి పడమటి అంచున బస్టాండు ఉంటుంది. అమెరికాలో పిల్లల్ని బడికి తిప్పి తిప్పి అరిగిపోయిన బస్సుల్ని ఇక్కడికి తెచ్చి, ఎరుపూ నీలం పసుపూ రంగులేసి తిప్పుతారు. ఆ బస్సుల పక్కనే మార్కెట్. లోపలికి వెళ్లగానే ఆకుకూరల దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. తోటకూర! కట్టలు కట్టి, నీళ్లు చిలకరించి పెట్టారు. ఇక్కడ దాన్ని బ్లేదో అంటారు. దాని పక్కనే కామంచి ఆకు. మన ఊళ్లో నోటిపూత వస్తే అమ్మమ్మ వండిపెట్టేది, గుర్తుందా? వీళ్లు దాన్ని చారులో వేసుకుంటారు, బాలింతలకు కూడా పెడతారని చెప్పింది. బెంగళూరు వంకాయ అని మనం కొనుక్కునేది ఈ ప్రాంతపు కాయే. పచ్చవి, తెల్లవి, ముళ్లున్నవి, లేనివి, రాశులు పోసి అమ్ముతున్నారు. దాని దుంప కూడా ఉడికించి తింటారట.

ఇంకొక కొట్లో గోనె నిండా ముదురెరుపు రేకలు ఎండబెట్టి ఉన్నాయి. చేతిలోకి తీసుకుని వాసన చూడగానే తెలిసిపోయింది. మన ఎర్ర గోంగూరే. పువ్వు రాలాక కాయ చుట్టూ పుల్లగా ఉండే ఎర్ర రేకలు ఉంటాయి కదా, అవి. ఇక్కడ ఆకు తినరు. ఆ రేకల్ని మరిగించి, పంచదార కలిపి, చల్లార్చి తాగుతారు. హమైకా అంటారు. అది ఆఫ్రికా నుంచి అటు మన దేశానికీ వచ్చింది, ఇటు వీళ్ల దగ్గరికీ వచ్చింది. మనం ఆకు పట్టుకున్నాం, వీళ్లు పువ్వు పట్టుకున్నారు. గ్లాసెడు తాగాను. ఎండలో నడిచేవాళ్లకి దాన్ని మించింది లేదు. మన పెరట్లోది ఈసారి కాయ పట్టేదాకా ఉంచమని పనమ్మాయికి చెప్పు.

మిరపకాయల దగ్గర నాన్నకి ఉత్సాహం వచ్చింది. గుంటూరు యార్డులో తిరిగినాయన కదా. మిరప పుట్టిల్లు ఈ ఖండమే. పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దగ్గరికి వచ్చి సుమారు ఐదొందల ఏళ్లే అయింది. కానీ వీళ్లు మనలా కారం కోసం వాడరు. గ్వాకె అనే పొడుగాటి ఎర్రటిది రంగుకీ, పాసా అనే నల్లటి ముడతలది వాసనకీ వేసుకుంటారు. కారం కావాలంటే పక్కన గిన్నెలో విడిగా పెడతారు. కోబాన్ వైపు నుంచి వచ్చే పొగబెట్టిన చిన్న మిరప పొడి మాత్రం నాన్న కళ్లల్లో నీళ్లు తెప్పించింది. ఒక పొట్లం కొనుక్కున్నారు. ఆ కోబాన్ వైపే ఏలకులు పండిస్తారు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఏలకులు ఎగుమతి చేసేది ఈ దేశమే. మన పడమటి కనుమల మొక్కని ఒక జర్మన్ తోటల యజమాని వందేళ్ల కిందట ఇక్కడ నాటించాడు. పండినదాంట్లో ఎక్కువ భాగం అరబ్బు దేశాలకే పోతుంది. ఇక్కడి వంటల్లో ఎక్కడా తగల్లేదు. కోసే కూలీల ఇళ్లల్లో ఆ వాసనే ఉండదంటే మనసుకి కష్టంగా అనిపించింది.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం రొట్టెల దుకాణం.

ఇక్కడ మొక్కజొన్న రొట్టె లేకుండా ముద్ద దిగదు. దుకాణాల బయట "మూడు పూటలా" అని బోర్డు ఉంటుంది. అంటే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేడివేడిగా కాల్చి అమ్ముతారని. మమ్మల్ని తీసుకెళ్లిన చోట ముగ్గురు ఆడవాళ్లు ఒక పెద్ద గుండ్రటి పెనం చుట్టూ నిలబడి ఉన్నారు. గైడ్ మమ్మల్ని ముందు లోపలికి, వెనక వైపుకి తీసుకెళ్లింది. అక్కడ బక్కెట్లో నానబెట్టిన మొక్కజొన్న గింజలున్నాయి. నీళ్లు పసుపుపచ్చగా, వాసన మాత్రం నాకు బాగా తెలిసిన వాసన. సున్నం! ఆకువక్కలో వేసుకునే సున్నమే. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా అలాగే నాననిచ్చి, పొద్దున్నే కడిగి, మరకి తీసుకెళ్లి ముద్దగా రుబ్బించుకుంటారు. సున్నం ఎంతో కాదు, వంద కిలోల గింజలకి కిలో, కాస్త అటూ ఇటూ. గైడ్ ఒక గింజ తీసి నా అరచేతిలో పెట్టి, బొటనవేలితో రుద్దమంది. రుద్దగానే పైపొట్టు పలచటి తోలులా జారిపోయింది. లోపలి గింజ మెత్తగా, మెరుస్తూ ఉంది. పచ్చి పిండికి ఈ పట్టు రాదు, సున్నంలో ఉడికితేనే ముద్ద సాగుతుంది, రొట్టె విరగదు.

వేల ఏళ్లుగా ఈ నేల మీద ఆడవాళ్లు ఇలాగే చేస్తున్నారు. ఇందులో దాగున్న విద్య చూడు. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉంటుంది గానీ, మన ఒంటికి అందకుండా కట్టుబడి ఉంటుంది. సున్నం ఆ కట్టు విప్పుతుంది. పైగా క్యాల్షియం కలుస్తుంది. స్పెయిన్ వాళ్లు గింజ పట్టుకుపోయారు, సున్నం సంగతి పట్టించుకోలేదు. యూరప్‌లో పేదవాళ్లు మొక్కజొన్న తప్ప మరొకటి లేక అదే తిన్నారు, పెల్లాగ్రా వచ్చింది. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు ఆ జబ్బుని మొదట వర్ణించాడు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు రేగుతాయి, విరేచనాలు, చివరికి మతి చెడుతుంది. ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేలకు వేల మంది పోయారు.

పెల్లాగ్రా అనగానే నాకు మన హైదరాబాదు గుర్తొచ్చింది. తార్నాక దగ్గర పోషకాహార సంస్థ ఉంది కదా, అక్కడ 1960 ప్రాంతంలో గోపాలన్ గారూ, శ్రీకాంతయ్య గారూ జొన్న మీద బతికే పేదల్లో ఇదే జబ్బు చూసి పరిశోధన చేశారు. మా ఐసీడీఎస్ (అంగన్‌వాడీ) ట్రైనింగుల్లో ఆ కథ చెప్పేవాళ్లు. పటం మీద చేతుల బొమ్మ చూపించేవాళ్లు. నేను సూపర్‌వైజరుగా తిరిగినన్నాళ్లూ అది పుస్తకంలో సంగతిగానే ఉంది. నిన్న ఆ బక్కెట్టు ముందు నిలబడితే, ఆ జబ్బుకి మందు ఒక వంటింట్లో, పేరూ ఊరూ తెలియని ఆడవాళ్ల చేతుల్లో అన్ని శతాబ్దాలు ఉందన్నది కళ్లకి కనిపించింది. నేను దణ్ణం పెట్టాను, ఆవిడ నవ్వి తనూ చేతులు జోడించింది.

తర్వాత రొట్టె కాల్చడం. మెక్సికోవి పలచగా, పెద్దగా ఉంటాయి. ఇక్కడివి చిన్నవి, మందంగా ఉంటాయి. ముద్ద తీసుకుని రెండు అరచేతుల మధ్య తడుతుంటే చప్పట్ల చప్పుడు వస్తుంది. ఒక చేయి తడుతుంటే రెండోది అంగుళం తిప్పుతుంది, ఆ తిప్పుడులోనే గుండ్రన వస్తుంది. పెనం మట్టిది. అంటుకోకుండా దానికీ సున్నపు నీళ్లు పూస్తారు, నూనె చుక్క ఉండదు. మా అందరికీ ఒక్కో ముద్ద ఇచ్చారు. కోడలు చేసింది వంకరటింకర దేశపటంలా వచ్చినా ఆవిడ దాన్నీ కాల్చి, ఉప్పు చల్లి, తనకే తినిపించింది. నాన్నది ఫర్వాలేదు. ఉప్పు చల్లిన ఆ వేడి రొట్టె కంటే రుచైనది నిన్నంతా ఇంకేదీ తినలేదని నేను ఖాయంగా చెప్తాను. అక్కడ మమ్మల్ని అరగంట ఉంచింది. మిగతా చోట్ల పది నిమిషాలే. ఎక్కడ ఆపాలో, ఎక్కడ దాటెయ్యాలో తెలియడమే ఆ పిల్ల గొప్పతనం.

దుకాణం ఎదురుగా కిరాణా కొట్లో వరసగా ఇంకాపరీనా పొట్లాలు వేలాడుతున్నాయి. నేను అరిచినంత పని చేశాను. ఇంక్యాప్ అని మధ్య అమెరికా దేశాల పోషకాహార సంస్థ ఒకటి 1949లో గ్వాటెమాలా సిటీలో పెట్టారు. పాలు కొనలేని ఇళ్ల పిల్లల కోసం వాళ్లు మొక్కజొన్న పిండిలో పత్తి గింజల పిండి కలిపి ఈ పొడి తయారుచేశారు. ఇప్పుడు సోయా కలుపుతున్నారు. నీళ్లలో కాచి జావలా తాగిస్తారు. మన బాలామృతానికి పెద్దక్క అనుకో. ఆ సంస్థే 1969 నుంచి 1977 దాకా నాలుగు పల్లెలు తీసుకుని, రెండింటిలో పిల్లలకి పోషకాల జావ, మిగతా రెండింటిలో మామూలు తీపి పానీయం ఇచ్చి చూసింది. మూడేళ్లలోపు ఆ జావ తాగిన మగపిల్లలు పెద్దయ్యాక ఎక్కువ కూలి సంపాదించారని తర్వాత లెక్క తేలింది. అయినా ఈ దేశంలో ఇవాళ్టికీ ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు సగం మంది వయసుకి తగ్గ ఎత్తు పెరగడం లేదు. మాయా ఇళ్లల్లో ఇంకా ఎక్కువ. గైడ్ ఈ సంగతి దాచలేదు. నేను అడిగితే, ఒక పక్కకి తీసుకెళ్లి, తన తమ్ముడి గురించి కూడా చెప్పింది. రుచి చూడ్డానికి డబ్బు కట్టి వచ్చినవాళ్లకి ఆకలి సంగతి చెప్పడం అంత తేలిక కాదు. ఆ పిల్ల గొంతు పెంచకుండా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా చెప్పింది.

అక్కణ్నుంచి లా మెర్సెద్ గుడి ముందుకి వెళ్లాం. పసుపు గోడల మీద తెల్లటి సున్నపు పూలపని, చూస్తే చూడాలనిపిస్తుంది. గుడి ముందు బల్లల మీద పెద్ద పెద్ద కుండల్లో అతోల్ అనే మొక్కజొన్న జావ కాచి అమ్ముతున్నారు. లేత మొక్కజొన్న రుబ్బి, వడగట్టి, పంచదార, దాల్చినచెక్క వేసి కాచిన తియ్యటిది ఒకటి. తెల్లదానిలో తీపి ఉండదు, ఉడికించిన నల్ల చిక్కుళ్లు, గుమ్మడి గింజల పొడి, నిమ్మకాయ, కారం వేసి ఇస్తారు. నాకు ఈ రెండోదే నచ్చింది. తోస్తాదాలు అని వేయించిన రొట్టె మీద అవకాడో ముద్ద రాసి, ఉల్లిపాయ, పొడి జున్ను చల్లినవి తిన్నాం. ఈ ఊరివాళ్లు అవకాడోలు తెగ తింటారని బయటివాళ్లు వీళ్లని "పచ్చపొట్టలు" అని పిలుస్తారట, వీళ్లు ఆ పేరు చెప్పుకుని మురిసిపోతారు. రెయెనితోలు నువ్వు తప్పక చేసి చూడు: పండిన కూర అరటికాయని ఉడికించి మెదిపి, లోపల తియ్యటి నల్ల చిక్కుడు ముద్ద పెట్టి, నూనెలో వేయించి పంచదార చల్లుతారు. పూర్ణం బూరెలు చేసే చేతికి ఇది కష్టం కాదు. పిల్లలు ఎగబడతారు.

మధ్యాహ్నం భోజనం ఇద్దరు అక్కచెల్లెళ్లు నడిపే చిన్న హోటల్లో. పెపియాన్ వాళ్ల పెద్ద వంట. 2007లో ఈ దేశపు ప్రభుత్వం దాన్నీ, మరికొన్ని వంటల్నీ దేశ వారసత్వ సంపదగా ప్రకటించింది. అక్క మమ్మల్ని పొయ్యి దగ్గరికి పిలిచింది. గుమ్మడి గింజలు, నువ్వులు విడివిడిగా దోరగా వేయించింది. గ్వాకె, పాసా మిరపకాయలు పెనం మీద నల్లబడేదాకా కాల్చింది. టమాటాలు, పలచటి కాగితం లాంటి పొరలో ఉండే చిన్న ఆకుపచ్చ కాయలు, ఉల్లి, వెల్లుల్లి కూడా నిప్పుల మీద కమరనిచ్చింది. ఒక దాల్చినచెక్క ముక్క. చిక్కదనానికి రొట్టె ముక్క కూడా మాడ్చి వేసింది. అన్నీ కలిపి రుబ్బి, కోడి ఉడికిన నీళ్లలో పోసి, కోడి ముక్కలు, బంగాళాదుంప, బెంగళూరు వంకాయ వేసి సన్న సెగ మీద ఉంచింది. మసాలా వేయించేటప్పుడు "మాడిపోతుంది" అని మనం కంగారుపడి దించేసే చోట వీళ్లు ఇంకా రెండు నిమిషాలు ఉంచుతారు. అక్కడే ఆ రుచి ఉంది. చేదు రాదు, ఒక లోతు వస్తుంది. నువ్వులూ దాల్చినచెక్కా ఉల్లీ వెల్లుల్లీ కోడీ స్పెయిన్ వాళ్లతో వచ్చినవి, మిరప, టమాటా, గుమ్మడి గింజలు, బెంగళూరు వంకాయ ఈ ఖండానివే. అన్నం మీద పోసుకుని తిన్నాం. నాన్న రెండోసారి వేయించుకున్నారు. తిని లేచి వెళ్లే ప్రతివాళ్లూ, ముక్కూ మొహం తెలియని మాకు కూడా, "బ్వేన్ ప్రొవేచో" అని, అంటే తిన్నది ఒంటబట్టాలని చెప్పి మరీ వెళ్లారు.

కాఫీ, మిఠాయిల సంగతి ఎక్కువ రాయను. కాఫీ మంచిదే. మిఠాయిలు పాలకోవా, కొబ్బరి, జామ, అంజూరాలతో చేసినవి. కాన్వెంటుల్లో సన్యాసినులు మొదలుపెట్టిన చేతిపనట. తీపి మరీ ఎక్కువ. చాక్లెట్ మాత్రం సన్నికల్లు మీద నూరి చూపించారు. మూడు కాళ్ల రాయి, కింద నిప్పు సెగ, కోకో గింజలు నూరేకొద్దీ వాటి కొవ్వు కరిగి ముద్దయింది. పొత్రం పట్టుకోమంటే నేను పట్టుకున్నాను, అత్తగారింట్లో నూరిన చెయ్యి ఊరికే పోలేదు.

డబ్బు సంగతి అడుగుతావని గమనించి పెట్టుకున్నాను. ప్రతి చోటా మేం తినకముందే వాళ్ల చేతికి డబ్బు ఇచ్చేసింది. బేరం లేదు. "మీరు చూస్తూ నిలబడితే వాళ్లకి మామూలు గిరాకీ పోతుంది కదా, ఆ నష్టానికి కూడా కలిపి ఇస్తాను" అంది. ఫోటో తీసేముందు తనే కక్చికేల్‌లో అడిగింది. ఒక పెద్దావిడ వద్దంది. అంతే, తమ్ముడు ఫోన్ జేబులో పెట్టేశాడు. ఎక్కడ కూర్చోవడానికి బల్ల ఉందో, ఎక్కడ బాత్రూం శుభ్రంగా ఉంటుందో ఆ పిల్లకి ముందే తెలుసు. నా వయసు ఆడవాళ్లకి అది ఎంత ధైర్యమో నీకు చెప్పక్కర్లేదు. కోసి పెట్టిన పళ్లు ముట్టుకోనివ్వలేదు, మా ఎదురుగా పొయ్యి మీంచి దించినవే పెట్టింది. మా ఎవరికీ కడుపులో ఏ తేడా రాలేదు.

విడిపోయేముందు ఒక మాట చెప్పింది. "ఇవాళ శనివారం. సాయంత్రం ఏ ఇంటి ముందైనా ఎర్ర బల్బు వెలుగుతుంటే తలుపు తట్టండి, ఆ ఇంట్లో తమాల్ అమ్ముతున్నారని అర్థం." ఏడు గంటలకి బయల్దేరాం. రెండు వీధులు తిరిగేసరికి కనిపించింది, మామూలు ఇల్లే, గుమ్మం పైన ఎర్ర బల్బు. తలుపు తీసిన పెద్దాయనకి ఇంగ్లీషు రాదు, మాకు స్పానిష్ రాదు. కోడలు వేళ్లు చూపిస్తే నాలుగు ఇచ్చాడు. ఆకులో చుట్టి, తాడుతో కట్టి, ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న ముద్ద, లోపల కోడిముక్క, ఎర్రటి చిక్కటి పులుసు. రూముకి తెచ్చుకుని మంచం మీద కాగితం పరుచుకుని తిన్నాం. పొద్దున ఆ నడక లేకపోతే ఆ బల్బు చూసి ఏదో అనుకుని దాటేసేవాళ్లం. గైడ్ పక్కన లేనప్పుడు కూడా ఊరు మాకు తలుపు తీసింది. నువ్వూ నీతో నడిచినవాళ్లకి సాయంత్రానికి వాళ్లంతట వాళ్లు వెళ్లగలిగే చోటు ఒక్కటి చెప్పి పంపు.

ఇక నీ నడక గురించి నా ఆలోచన. కాళేశ్వరరావు మార్కెట్‌తో మొదలుపెట్టు, తెల్లవారుజామున, ఆకుకూరల దగ్గర. చిరుతిళ్ల బళ్లు పది చూపించకు. నాలుగైదు చాలు. వాటిలో ఒక చోట మాత్రం వెనక్కి తీసుకెళ్లి పని చూపించు. ఇడ్లీ పిండి రుబ్బేచోటైనా సరే, శనగపిండి పట్టే మరైనా సరే. పప్పు ఎప్పుడు నానబోస్తారో, ఆవిడ ఎన్నింటికి లేస్తుందో వచ్చినవాళ్లు తెలుసుకోవాలి. ఆవిడ పేరు పలికి పరిచయం చెయ్యి, "ఇక్కడొక ఆంటీ ఉంటారు" అనకు. నువ్వు అడ్డంగా నిలబడి మాట్లాడటం తగ్గించి, ఆవిడ్నే మాట్లాడనివ్వు. జొన్నరొట్టె చేసేవాళ్లెవరైనా దొరికితే వదలకు, పెల్లాగ్రా కథ నేను రాసిస్తాను, నోట్సు కూడా ఎక్కడో ట్రంకుపెట్టెలో ఉండాలి. అల్లుడుగారిని లెక్కలు చూసుకోమను, నువ్వు మనుషుల్ని చూసుకో.

మేం గురువారం హ్యూస్టన్ వెళ్లిపోతాం. నాన్న మోకాలు బాగానే ఉంది, ఇక్కడి రాళ్ల వీధుల్లో కూడా బాగా నడిచారు. నా బీపీ మాత్రలు సరిపడా ఉన్నాయి. నువ్వు ఈలోపు మార్కెట్‌కి ఒకసారి వెళ్లి, ఆకుకూరలమ్మే ఆవిడతో మాట్లాడి, ఏ వేళకి ఆవిడకి వీలవుతుందో కనుక్కో. ఎంత ఇస్తావో కూడా ముందే ఖాయం చేసుకో. దారి ఎటు నుంచి ఎటో గీసి తమ్ముడికి పంపితే, నేనూ నాన్నా చూసి చెప్తాం. చింటూగాడికి కోకో ముద్ద ఒకటి తెస్తున్నాను. పాలల్లో కలిపి ఇవ్వాలి, ఒట్టిది తింటే చేదు.

ఆశీస్సులతో,
అమ్మ